బయట ఉన్న రోజుల చదువు

"కోడలా, ఈ నెల ఇంకా బయట చేరలేదేంటే?" అని అత్తగారు అడిగేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. నీళ్ళు ఒంపుతూ, "రేపో ఎల్లుండో అమ్మా" అన్నాను. పచ్చి అబద్ధం. చెప్పినందుకు సిగ్గేం వెయ్యలేదు. నాకు ముట్టు ఆగిపోయి అప్పటికే కొన్ని నెలలైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే నా ఎం.పి.ఏ. చదువు అక్కడితో సరి.

మాది నేపాల్ కొండల్లో తాన్సేన్ ఊరు. ఇక్కడ మా బాహున్ల, అంటే బ్రాహ్మల ఇళ్ళల్లో ఆ నాలుగు రోజులూ ఆడది వంటింటి గడప తొక్కదు. వంటిల్లు పై అంతస్తులో, బయట చేరితే మేముండే గది కింద మెట్ల పక్కన. ఒక చాప, ఒక కంబళి, విడిగా ఒక పళ్ళెం. పెళ్ళైన కొత్తలో ఆ గదిలో కుళ్ళి కుళ్ళి ఏడ్చేదాన్ని. అన్నం గడప దగ్గర పెట్టి, నాకు తగలకుండా చీర పైకి లాక్కుని వెళ్ళిపోయే అత్తగారిని చూస్తే ఒళ్ళు మండేది. నెలంతా అందరికీ చాకిరీ చేసే ఈ చేతులు ఉన్నట్టుండి మైలపడిపోతాయా అనుకునేదాన్ని. పోనుపోను ఏడుపు పోయింది. ఎందుకంటే ఆ గదిలో ఉన్నప్పుడు నన్నెవరూ పిలవరు. టీ ఏదీ, నా మేజోళ్ళేవీ, పెరుగు తోడేశావా అని ఎవరూ అడగరు. ఇంత సుఖం పెట్టుకుని ఇన్నేళ్ళు ఏడ్చానేంటా అని నాకే నవ్వొచ్చింది.

చదువు మీదికి మనసు పోయింది మాత్రం వార్డు ఆఫీసు వల్లే. అక్కడ నేను సుబ్బాని, అంటే కార్యదర్శి కింద గుమాస్తాని. కార్యదర్శి సెలవు పెడితే ఆయన పనంతా నాది, కుర్చీ మాత్రం కాదు. ఆ మధ్య కొత్త కార్యదర్శి వచ్చాడు. మా తమ్ముడి ఈడు వాడు, ఎం.పి.ఏ. చదివినవాడు. మంచివాడే. కానీ వచ్చిన వారంలోనే, "దీదీ, పై ఆఫీసు నుంచి వచ్చారు, మీ చేత్తో నాలుగు టీలు" అన్నాడు. ఆఫీసులో అంత మంది మగవాళ్ళుండగా నా చెయ్యే కనిపించిందా ఆయనకి! టీలు ఇచ్చాను. ఇచ్చి, ఆ మధ్యాహ్నమే క్యాంపస్‌కి వెళ్ళి దరఖాస్తు పెట్టాను.

మా ఆయన ఘనశ్యామ్ పగలబడి నవ్వాడు. "ప్రజా పరిపాలనా? నన్ను పరిపాలిస్తున్నది చాలకా?" ఆయన స్కూలు మాస్టారు. చదువుకి అడ్డం చెబితే బాగోదని తెలుసు. "చదువుకో తుల్సా, నేనేమైనా వద్దన్నానా? వేళకింత అన్నం పడేస్తే చాలు" అన్నాడు.

ఆ వేళే నా పాలిట యముడైంది. క్యాంపస్ క్లాసులు తెల్లవారి ఆరింటికి మొదలు. ఇంట్లో తొమ్మిదికల్లా పప్పూ అన్నం దిగాలి. క్లాసు సగంలో లేచి, కొండ మెట్లు ఎగబాకుతూ ఇంటికి పరిగెత్తేదాన్ని. బడ్జెట్ సిద్ధాంతం మొదటి సగమే నాకొచ్చు. రెండో సగం ముల్లంగి కూరలో కలిసిపోయింది. బయట ఉన్న రోజుల్లో మాత్రం చివరిదాకా దర్జాగా కూర్చునేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుని చదివేదాన్ని. పైన అత్తగారు గొణుక్కుంటూ వండేది. ఆ గొణుగుడు వింటుంటే ఎంత హాయిగా సాగేదో చదువు!

తీరా థీసిస్ రాయాల్సిన ఏడు ముట్టు అటూ ఇటూ అయి, ఆగిపోయింది. వయసు మీద పడుతోందని బెంగపడటానికి నాకు తీరికేదీ? అయ్యో, నా నాలుగు రోజులు పోయాయే అని ఏడుపొచ్చింది. మరుసటి నెల మామూలు వేళకి, ఏమీ ఎరగనట్టు చాప చంకన పెట్టుకుని కిందికి దిగిపోయాను. ముట్టై వంటింట్లోకి వెళ్తే తప్పంటారు. కాకుండానే వెళ్ళకపోతే తప్పని ఏ పంతులు చెప్పాడు?

ఆ గదిలోనే థీసిస్ రాశాను. వార్డు ఆఫీసుకి ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళ మీద. బిడ్డ పుట్టుక నమోదుకో, పౌరసత్వం సిఫారసుకో వస్తే, "మీ ఆయన్ని తీసుకురా" అని తిప్పి పంపుతారే, దాని మీద. రాస్తుంటే కోపమూ వచ్చేది, సంతోషంగానూ ఉండేది.

వైవాకి వారం ఉందనగా గైడ్ మేడం ఒక అధ్యాయం మొత్తం తిరగరాయమంది. నేను గదిలోంచి పైకొచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. మళ్ళీ బయట చేరానంటే నమ్మేదెవరు? ఆ పొద్దున పొయ్యి ముందు దిగాలుగా కూర్చున్నాను. మా ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "అన్నం కాలేదా?" అని కేకేశాడు.

"కాలేదురా." అత్తగారు వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది. "కోడలు బయట చేరింది. నేను వండుతున్నా."

"మొన్ననేగా?"

"ఆడవాళ్ళ సంగతులు నీకెందుకురా? వివరంగా చెప్పమంటావా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గబగబా మెట్లు దిగిపోయాడు. నేను పొయ్యి ముందు నుంచి లేచాను.

"అమ్మా, మీకు..."

"తెలుసు. దండెం మీద గుడ్డ ముక్క కనిపించి ఎన్నాళ్ళైందే? నాకు కళ్ళు లేవా?"

"మరి అడగలేదేం?"

"అడిగాగా, ఇంకా బయట చేరలేదేంటని! పనిలో పడి మర్చిపోయావని గుర్తుచేశా."

ముల్లంగి తరుగుతూ, నా వైపు చూడకుండా అంది: "నేనూ చెప్పలేదులే. నువ్వీ ఇంటికి రాకముందు, నాకు ఆగిపోయాక కూడా ఏళ్ళ తరబడి ఆ గదిలోకి వెళ్ళా. మా అత్త తిట్టుకుంటూ వండేది."

"గదిలో ఏం చేసేవారమ్మా?"

"ఏం చేస్తాను? నాకు చదువొచ్చా? పడుకునేదాన్ని. కంటినిండా పడుకునేదాన్ని."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. మోకాళ్ళు పట్టుకుని ఈవిడ వండుతుంటే, కింద కూర్చుని హాయిగా చదువుకున్నాను. ఒక్క రోజైనా కాళ్ళు నొప్పులా అని అడిగిన పాపాన పోలేదు. "ఏడుస్తావేంటి? దిగు కిందికి, నా వంటిల్లు మైల చెయ్యకు!" అని కసిరింది.

వైవాలో, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అన్నీ అడిగాక, "ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూ సమయం ఎలా దొరికిందమ్మా?" అన్నాడు. "మా అత్తగారు ఇచ్చారు సార్" అన్నాను. మర్యాదకి అన్నాననుకుని తలూపాడు.

పాసయ్యాను. కార్యదర్శి అందరి ముందూ లేచి, "పదోన్నతికి మీ పేరు పంపుతున్నా దీదీ" అన్నాడు. సాయంత్రం మా ఆయన పాకంలో తేలే లాల్‌మోహన్ మిఠాయిలు తెచ్చాడు. నిజంగానే సంతోషించాడు పాపం. ఒకటి నా నోట్లో పెట్టి, "హమ్మయ్య, చదువైపోయింది. ఇక వేళకి తిండి" అన్నాడు.

మిఠాయి మింగి, తాపీగా చెప్పాను. "నాకు ముట్టు ఆగి ఏడాది దాటింది."

"మరి ఇన్నాళ్ళూ కింద..."

"చదువుకున్నాను. ఇకముందు కూడా నెలకి నాలుగు రోజులు నేను వంటింట్లోకి రాను. అబద్ధం చెప్పకుండానే రాను."

ఆయన మొహంలో రంగులు మారాయి. మిఠాయి డబ్బా పక్కన పెట్టాడు. "చదువే లేదు కదా, ఇంకేం చేస్తావు?" అన్నాడు.

"తెలీదు. పడుకుంటానేమో."

"సరేలే, నీ ఇష్టం. అమ్మ వండుతుంది."

డెబ్బై దాటిన మా అత్తగారు వేళ్ళకంటిన పాకం నాక్కుంది. గోడ పట్టుకుని లేచి, మూలనున్న చాప చుట్టి చంకన పెట్టుకుంది.

"నాకు కుదరదురా. నేను బయట చేరాను."