కాసెట్లలో యోహాను గొంతు

భర్త యోహాను పోయిన ఏడాదికి గానీ రేఖకు అతని కాసెట్లు ముట్టుకునే ధైర్యం రాలేదు. ధరూర్ దగ్గర కూలి కుటుంబంలో పుట్టి, పెద్దయ్యేదాకా సముద్రం మొహం చూడనివాడు యోహాను. అలాంటివాడు బతుకంతా రామేశ్వరం వైపు తీరంలో ఆక్టోపస్‌ల నడవడికను గమనిస్తూ గడిపాడు. అతని ఇంగ్లీషు వ్యాసాలు అచ్చయ్యాయి. ఒడ్డున నీటి తొట్ల పక్కన కూర్చుని తీసిన వీడియోలు మాత్రం గద్వాల ఇంట్లో బీరువా మీదే ఉండిపోయాయి. అతను పనిచేసిన చోట అడిగితే, పాత కాసెట్లు ఆడించే మిషన్ తమ దగ్గర లేదన్నారు.

వనపర్తిలో పెళ్లి వీడియోలు తీసే మహిపాల్ దగ్గర ఆ మిషన్ ఉందని విని, రేఖ సంచీ నిండా కాసెట్లు వేసుకుని బస్సెక్కింది. అతను ఒకటి వెలుతురుకు పట్టి చూశాడు. రీలుకు బూజు పట్టింది. తుడిచి ఎక్కిస్తే కొన్ని నిలుస్తాయి, కొన్ని తెగుతాయి, తర్వాత తననేమీ అనొద్దన్నాడు. ఊరికే ఉంచితే అన్నీ పోతాయి కదా, కానివ్వమంది రేఖ.

మొదటి కాసెట్ మధ్యలోనే తెగింది. రెండోది ఆడింది. తొట్టి అడుగున ఒక ఆక్టోపస్ బొరియలోకి జరిగి, చేయి చాపి, వాకిట్లో రాళ్లు పేర్చుకుంటోంది. అంతలో యోహాను గొంతు వినబడింది.

“గిది చిన్న రాయి. పారేస్తది సూడు. దానికి పెద్దది గావాలె. ఆ, దొరికింది. ఇగ తలుపేసుకొని పండుకుంటది.”

రేఖ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొట్టి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు అతను తన ఊరి మాటల్లోనే చెప్పుకునేవాడని ఆమెకు తెలియదు.

మహిపాల్ కాసెట్ ఆపి అడిగాడు. “అక్కా, పెండ్లి వీడియోలల్ల అయితే మాటలు తీసేసి పాట పెడ్త. దీనికేం జేయమంటవ్?”

“ఒక్క మాట గూడ తియ్యకు, అన్నా.”

బతికిన కాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. బళ్లో ఇంగ్లీషు చెప్పే రేఖ ప్రతి మాటకూ కింద ఇంగ్లీషు రాసి, ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత విశాఖపట్నం నుంచి జయశ్రీ అనే పరిశోధకురాలు ఫోన్ చేసింది. ఆక్టోపస్ రాయిని ఎలా ఎంచుకుంటుందో యోహాను వ్యాసాల్లో అర్థం కాలేదనీ, ఈ వీడియోల్లో కళ్లారా చూశాననీ, తన విద్యార్థులకూ చూపిస్తాననీ చెప్పింది.

ఆ ఆదివారం రేఖ అత్తగారి ఊళ్లో చర్చి గోడమీద తెర కట్టించి, ఆ వీడియోలు వేయించింది. కొడుకు గొంతు వినగానే యోహాను తల్లి వెంకటమ్మ లేచి తెర దగ్గరకు వెళ్లి నిలబడింది. చివరిదాకా కూర్చోలేదు.

“సముద్రం కాడ వాడేం పని జేస్తుండెనో గిన్ని దినాలు నాకు తెల్వకపాయె, బిడ్డా,” అంది. కళ్లు తుడుచుకుని, గుడ్లు పెట్టినప్పుడు కూడా ఆ ఆక్టోపస్ అట్లే రాళ్లు పెట్టుకుంటుందా అని అడిగింది.

రేఖకు తెలియదు. జయశ్రీకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, అత్త చేతికిచ్చింది.