దారం మొదటి కొస

"రేపు పొద్దుగాల బస్సుకు అవ్వగారింటికి పోదువు తియ్యి. నాలుగొద్దులు ఆడుంటే దగ్గు తగ్గుతది" అంది గంగుబాయి, కోడలు బియ్యం కడుగుతున్న గిన్నెలోకి చూస్తూ.

రేణుక చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. కోటగిరిలో, రుద్రూర్‌లో, బోధన్ గల్లీల్లో ఎన్ని ఇళ్ల వాకిళ్లలో కూర్చుని విన్నదో. ఏ అత్త అన్నా ఇదే మాట, ఇంత మెత్తగానే. అలా పుట్టింటికి వెళ్లిన కోడళ్లలో మళ్లీ అత్తగారి గడప తొక్కినవాళ్లు ఆమెకు తెలిసి ఎవరూ లేరు. పొద్దుటినుంచి తన గ్లాసు బయట రోటి మీద ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది.

"ఆయనకు ఎరికేనా అత్తమ్మా?"

"వాడే చెప్పమన్నడు" అని గంగుబాయి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూ లోపలికి పోయింది.

ఆ 'వాడు' ఆత్మారాం, రేణుక మొగుడు. నిజామాబాద్ చుట్టుపక్కల తిరిగే క్షయ సర్వే జట్టులో గుమాస్తా. జబ్బు మనిషి దొరికిన ఊరి మీద పటంలో ఎర్ర చుక్క పెట్టడం, మున్ముందు ఏ ఊళ్లో పుడుతుందో అంచనా కట్టడం ఆ జట్టు పని. మగాళ్లు చావడి దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటే ఏ కోడలొచ్చి నాకు దగ్గుందని చెబుతుంది? గోషా ఇళ్లలోకైతే అడుగే పెట్టనివ్వరాయె. అందుకని పెళ్లాన్ని బస్సెక్కించాడు. "నువ్వు లోపటికి పోయి ముచ్చట పెట్టు. ఇంట్ల ఊకె కూసుండి ఏం జేస్తవ్?" అన్నాడు. ఊరికే కూర్చున్నదట! వంట చేసి, బట్టలు పిండి, అత్త కాళ్లు పట్టి, అప్పుడు బస్సు. తిరిగొచ్చాక మళ్లీ పొయ్యి. ఈ తిరుగుడుకు నాకూ జీతమిస్తారా అని ఒకసారి అడిగితే తల్లీకొడుకులు పడీపడీ నవ్వారు.

చెరుకు కొట్టే కూలీల గుడిసెల చుట్టే జబ్బు పాకుతుందని జట్టు డాక్టరు నమ్మకం. చుక్కలు ఆయన మాట వినలేదు. గుడిసెలే లేని ఊళ్లలో తేలాయి. ఇంట్లో గోడకు కొట్టిన పటం ముందు ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్న రేణుక ఒకనాడు కత్తి పక్కన పెట్టి లేచి, ఒక చుక్క మీద వేలు పెట్టి మొగుడికి చూపింది.

"ఈ పిల్లకు జబ్బు ఈ ఊర్ల అంటలే. కోటగిరిల కోడలుగ ఉండంగ అంటింది. దగ్గుతున్నదని అవ్వగారింటికి తోలిండ్రు. ఇగ దీని పక్కల పండుకునే చెల్లెకు వస్తది, సూడుండ్రి."

కుట్టుదారం తెచ్చి అత్తగారి ఊరినుంచి అవ్వగారి ఊరికి గుండుసూదులతో బిగించింది. అలా ఎన్నో దారాలు. పంపిన ఇంట్లో కూడా వెతకండి, ముసలి దగ్గని వదిలేసిన దగ్గు ఒకటి ఉంటుంది, దారం మొదలయ్యేది అక్కడే అంది. ఏడాది తిరిగేసరికి దారాలు చేరిన ఊళ్లలోనే చెల్లెళ్లూ తల్లులూ మంచం పట్టారు.

హైదరాబాదు నుంచి పెద్దలొచ్చి పటం చూసి ఆత్మారాం భుజం తట్టారు. రేణుక చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మా ఇంటామె చాయ్ మంచిగ పెడుతది సార్" అన్నాడాయన. సరే, అదీ మింగింది. మింగుడుపడనిది ఇంకొకటి. పటాన్ని శుభ్రంగా గీసి పంపేటప్పుడు దారాల మొదటి కొసలన్నీ తీసేశాడు. "తోలినోళ్లల్ల ఊరి పటేండ్లున్నరు. వాళ్ల ఇండ్ల మీద సుక్కలు పెడితే మమ్ముల ఊర్లెకు రానిస్తరా?" అన్నాడు. జబ్బంతా ఆడపిల్లల్ని కన్నవాళ్ల ఇళ్లలోనే పుట్టినట్టు తయారైంది పటం.

బోధన్‌లో కుబ్రాకు ఈ సంగతి చెబితే నవ్వింది. అత్తవారు పంపేస్తే వచ్చి, మళ్లీ పిలుపు రాక, తండ్రి ఇంటి వెనక గదిలో బట్టలు కుట్టుకుంటూ మిగిలిపోయిన మనిషి కుబ్రా. "తోలినోళ్లకు రోగం ఉండదు రేణుకా. పోయినోళ్లకే ఉంటది" అంది.

అత్త ప్రయాణం మాట చెప్పిన ఆ సాయంత్రం ఆత్మారాం రాగానే రేణుక అడిగేసింది. "కళ్లె పరీక్షకు తోలుకపోత అంటిరి. ఏమాయె?"

ఆయన చెప్పులు విప్పుతూ తలెత్తలేదు. "సర్వే చేసెటోని ఇంట్లనే టీబీ అంటే నా నౌకరీ ఏం గావాలె? జక్రాన్‌పల్లికి పో. మీ బాపు ఇంటి మీద సుక్క పెట్టిపిస్త. మందులు పంపుత, ఫికర్ చెయ్యకు."

"ఆడ మా చెల్లె ఉన్నది. కడుపుతోనున్నది."

"తెలుసు."

తెలుసట. తెలియదంటే క్షమించేదేమో. దారం చివర ఎవరు పడతారో రేణుక నోటినుంచే విని నేర్చుకున్న మనిషి, ఆ దారం చివరికే తనను తోస్తున్నాడు. ఈ మనిషినా తను నమ్మింది? లోపల గంగుబాయి దగ్గు మొదలైంది. తను కాపురానికొచ్చిన నాటినుంచీ ఉన్న దగ్గే అది. ఊరూరా తిరిగి ఇంకొకరి అత్తల దగ్గు విన్నది గాని, రోజూ పక్కన కూర్చుని కాళ్లు పట్టిన అత్త దగ్గు తన చెవికెక్కలేదు. ఆయనకు ఎక్కలేదంటే మాత్రం ఇప్పుడు నమ్మదు.

మర్నాడు ఆత్మారాం ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించి, పనుందని ముందే వెళ్లిపోయాడు. బస్టాండు దాకా కూడా రాలేదు.

"బస్టాండుకే గద అక్కా?" అన్నాడు రిక్షా లింబయ్య.

"కాదన్నా. దవాఖానకు పోనియ్యి."

కళ్లె డబ్బీలిచ్చే కిటికీలో ముత్తన్న ఉన్నాడు. ఆత్మారాంతో ఊళ్లు తిరిగినవాడే. ఆమెను చూసి కంగారుగా లేచాడు. "గిదేంది వదినా, నువ్వు జక్రాన్‌పల్లికి పోయినవ్, ఆ ఊరి మీద సుక్క పెట్టుమని అన్న ఇప్పుడే చెప్పిపాయె!"

"పోలేదు, పోను. ఇదే ఊరు, ఆత్మారాం ఇల్లు అని రాయి ముత్తన్నా" అంది రేణుక. దగ్గు వస్తే ఆగి, కొంగుతో నోరు తుడుచుకుంది. "డబ్బీలు రెండియ్యి. ముందుగాల మా అత్త పేరు రాయి. నా పేరు తర్వాత."