అన్నపూర్ణేశ్వరి కొట్టేసిన టిక్కు

చితికి కట్టెలు మానేసి జనం గ్యాసు కొలిమికి ఎప్పటికి మారతారో లెక్కగట్టే ఉద్యోగం కూడా ఒకటుంటుందని ఢిల్లీ జనక్‌పురిలో చాలామందికి మనోహర్ వల్లే తెలిసింది. పెళ్ళిచూపుల్లో ఈ మాట దాచకుండా చెప్పి రెండు సంబంధాలు పోగొట్టుకున్నాడు మహానుభావుడు. తల్లి అన్నపూర్ణేశ్వరి మాత్రం ఎవరడిగినా "మావాడు పొల్యూషన్ తగ్గించే పనిలో ఉన్నాడండీ" అని గొప్పగా చెప్పుకునేది.

జియా సరాయ్ పక్కన ఓ పరిశోధనా సంస్థలో రెండేళ్ళుగా అతనికి అదే లోకం. ఢిల్లీ మొత్తాన్ని కంప్యూటర్లోకి దింపాడు. అందులో ఒక్కో కుటుంబం ఒక్కో చుక్క. పక్క చుక్క మారితే ఈ చుక్క ఎన్నాళ్ళకు మారుతుంది, పాత పద్ధతి ఏ ఏటికి కనుమరుగవుతుంది, అంతా ఒక గీతగా తెరమీద పైకి పాకేది. ఇంటింటికీ తిరిగి నింపించిన ఫారాలే ఆ గీతకు ఆధారం.

ఫారం జనానికి అర్థమవుతుందో లేదో చూద్దామని మొదటిది ఇంట్లోనే ఇచ్చాడు. ఓ ఆదివారం పొద్దున అమ్మ ముందు కాగితం పెట్టి, "నీకు తోచింది పెట్టమ్మా, నేను చూడను" అని ఫోను మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కాగితం నిండిపోయింది. 'మీ అంత్యక్రియలు ఎలా జరగాలనుకుంటున్నారు?' అన్నచోట గ్యాసుకు టిక్కు. పైన కట్టెల దగ్గర ఇంకో టిక్కు పెట్టి కొట్టేసి ఉంది. చెయ్యి తడబడిందనుకున్నాడు. పరీక్ష కోసం నింపించిన ఫారాన్ని అసలు లెక్కలో కలపకూడదు. అయినా అమ్మది కదా అని మురిసిపోయి, మొదటి వరసలో ఎక్కించాడు.

మొన్న నవంబరులో ఆవిడ గుండె ఆగి పోయింది. శ్మశానంలో గుమాస్తా "లకడీ యా గ్యాస్, భయ్యా?" అని కట్టెలో గ్యాసో తేల్చమంటే మనోహర్ తడుముకోలేదు.

"గ్యాస్. అమ్మే చెప్పింది."

పంతులుగారు కర్పూరం వెలిగించి అతని చేత తల్లి గుండెల మీద పెట్టించబోయారు. కొలిమి లోపలికి మంట పనికిరాదంటూ ఆపరేటరు దాన్ని ఆర్పేసి, తనే మీట నొక్కాడు. ఇనుప తలుపు మూసుకుంది. ఏం చెయ్యాలో తోచక మనోహర్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

పన్నెండోరోజు భోజనాలయ్యాక పక్క ఫ్లాటు సరోజిని గిన్నెలు సర్దుతూ అంది, "పోనీలే నాయనా, మీ అమ్మ కోరిక తీరకపోయినా నీ మాట నిలబడింది. ఆవిడక్కావలసిందీ అదే."

"ఏం కోరిక ఆంటీ?"

ఆవిడ చేతిలో గిన్నె ఆగిపోయింది. "నీకు చెప్పలేదా? తర్వాతైనా చెప్పే ఉంటుందనుకున్నానే! ఆ ఫారం రోజు నేనిక్కడే చిక్కుళ్ళకి ఈనెలు తీస్తన్నా. ముందు కట్టెలకే పెట్టింది. 'ఆయనకి వీడు పన్నెండేళ్ళప్పుడు చేతులు వణుకుతా కొరివి పెట్టాడు వదినా, నాకూ వీడి చేత్తోనే నిప్పు పడితే చాలు' అంది. అంతలోనే 'అయ్యో, కన్నతల్లే కట్టెలంటే వీడి మాట బయట ఎవరు వింటారు' అని కొట్టేసింది. ఆడాళ్ళం శ్మశానానికి రాలేదు కదయ్యా, అన్నీ అయ్యాకే తెలిసింది మాకు."

మనోహర్ లోపలికి వెళ్ళి ఫారాల కట్ట విప్పాడు. మొదటిది తీశాడు. కట్టెల దగ్గరి టిక్కు ముత్యంలా, తీరిగ్గా పెట్టినట్టుంది. దానిమీద అడ్డంగా రెండు గీతలు, అవీ నిదానంగా కొట్టినవే. తడబాటు ఎక్కడా లేదు. వందల ఇళ్ళు తిరిగి జనం మనసులు చదివానని చెప్పుకున్నవాడికి కన్నతల్లి కొట్టివేత అర్థం కాలేదు. అంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

లాప్‌టాప్ తెరిచాడు. మొదటి వరసలో గ్యాసు చెరిపి కట్టెలు అని కొట్టాడు. ఢిల్లీని మళ్ళీ మొదటినుంచి నడిపించాడు. లెక్క తేలడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. గీత పడిపోవాలని, కనీసం ఓ నెల వెనక్కి జరగాలని దేవుడికి మొక్కుకుంటూ కూర్చున్నాడు. రెండేళ్ళ శ్రమ పాడైనా ఫరవాలేదనుకున్నాడు.

కొత్త గీత వచ్చి పాత గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా అతుక్కుంది. అదే ఏడు, అదే నెల.

"నువ్వేది పెట్టినా ఇదే వచ్చేదమ్మా," అని మనోహర్ ఆ కాగితాన్ని మొహానికి అదుముకుని బావురుమన్నాడు.