రాజలింగు ఇంట్లో చార్జింగ్

రాజలింగు మిర్చి తోట పండిందంటే ఇంటికి పెండ్లి కళ వచ్చినట్టే. మగపెండ్లివారు మాత్రం, అంటే కాయ ఏరే కూలీలు, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి దిగుతారు. ఎదురెళ్లి తీసుకురావడానికి ఆయన ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఏటూరునాగారం దాకా పోయాడు. దారిలో చాయ్ తాగించాడు, బజ్జీలు తినిపించాడు, ముఠా మేస్త్రి మాసను ముందు సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఊరు రాగానే అందరినీ పశువుల కొట్టం ముందు దించాడు. మర్యాదలు అక్కడితో సరి.

పశువులను బయట కట్టేసి, కింద గడ్డి పరిచి, "మీరు కూలోళ్లు కాదు, నా ఇంటి మనుషులు" అన్నాడు. ఇంటి మనుషులకు ఇంట్లో చోటెందుకు లేదో ఆయన భార్య శ్యామలమ్మకు అర్థం కాలేదు.

ఇంత ప్రేమకు కారణం లేకపోలేదు. నిరుడు ఇదే ముఠా సగం తోట ఏరగానే పక్క చేను ఆసామి మల్లికార్జున్ మాసకు ఒక్క ఫోన్ కొట్టాడు. ఎక్కువ కూలి ఆశ చూపాడు. తెల్లారేసరికి కొట్టం ఖాళీ. చెట్టు మీది పండుకాయ వానకు తడిసి, రంగు పోయి తాలైపోయింది. ఎనుమాముల మిర్చి మార్కెట్లో ఆ బస్తాల వంక చూసిన నాథుడు లేడు. ఈ ఏడూ అట్లాగే అయితే తోట మీద ఆశ వదులుకోవడమే. బాగా ఆలోచించిన మీదట, అనర్థానికంతటికీ మూలం ఫోనేనని రాజలింగు కనిపెట్టాడు.

కొట్టంలో కరెంటు లేదు. "ఫోన్లు ఇటియ్యుండ్రి, మా ఇంట్ల చార్జింగ్ పెడ్త" అని మొదటి సాయంత్రమే అందరివీ గంపలో వేసుకుని పోయాడు. పొద్దున అడిగితే ఇంకా నిండలేదన్నాడు. మరునాడు కరెంటు పోయిందన్నాడు. ఆ తర్వాత, "మీ బ్యాటరీలే ఖరాబున్నయి, జర మెల్లగ ఎక్కుతాంది" అన్నాడు. అంత నిమ్మళంగా ఎక్కే చార్జింగ్ ఆ జిల్లాలో మరో ఇంట్లో లేదు.

మాస కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు. రోజూ పని దిగగానే అతను వాకిట్లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"పటేలా, బిడ్డ ఫోన్ జేసిందా?"

"చేస్తే నేను చెప్పనా? ఆడిబిడ్డ సంగతి నాకెర్క లేదా? ఫికర్ చెయ్యకు."

లోపల గంపలో మాస ఫోన్ మోగుతూనే ఉండేది. ప్రతి మోతలోనూ రాజలింగుకు మల్లికార్జున్ గొంతే వినపడేది. ఎత్తకుండా కట్ చేసేవాడు. చివరికి విసుగొచ్చి అన్ని ఫోన్లూ బంద్ పెట్టాడు. ఆ తర్వాత కాస్త నిద్ర పట్టింది.

ఆయనకున్న బాధల్లా సొంత కొడుకుతోనే. విజయ్‌కుమార్ కొత్తవాడ దోస్తుల వెంట సూరత్‌కు బట్టల మిల్లు పనికి పోయాడు. పోయిన కొత్తలో రోజూ ఫోన్ చేసినవాడు ఇప్పుడు ఉలుకూ పలుకూ లేడు. "అయ్య బతికిండా సచ్చిండా అని ఒక్క ఫోన్ లేదు. గిసొంటోన్ని ఎట్ల కన్నవే" అని శ్యామలమ్మ మీద పడేవాడు. కొడుకు తప్పు చేసినప్పుడల్లా ఆమె ఒక్కతే కన్నట్టు మాట్లాడటం ఆయనకు అలవాటు.

శ్యామలమ్మకూ కొడుకు మీదే ప్రాణం. అందుకే వాకిట్లో నిలబడ్డ మాసను చూసినప్పుడల్లా ఆమెకు కొడుకే గుర్తొచ్చేవాడు. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. కల్లం మీద కప్పే పరదాల కోసం రాజలింగు మట్టెవాడ దుకాణాలకు పోయాడు. ఆయన అటు పోగానే ఆమె గంప ఎత్తుకుని కొట్టంలోకి నడిచింది.

మాస తన ఫోన్ తెరిచి అల్లుడికి కలిపాడు. కాన్పు కష్టమై కూతురు దవాఖానలో పడి ఉంది. పుట్టిన పసిగుడ్డు దక్కలేదు. అల్లుడు ఎన్నిసార్లు చేసినా ఇక్కడ ఎవరో కట్ చేశారు, ఆ తర్వాత ఫోనే కలవలేదు. శ్యామలమ్మకు మొగుడి మీద అసహ్యం వేసింది. ఒకే గూడెం వాళ్లు కావడంతో ముఠా ముఠా అంతా మూటలు సర్దుకుని మాస వెంట బయలుదేరింది.

రాజలింగు వచ్చేసరికి కొట్టంలో గడ్డి మాత్రమే ఉంది.

"ఒక్కమాట చెప్పకుండ పోయిండ్లు. తిన్న ఇంటి విశ్వాసం లేదు" అన్నాడు.

"చెప్తే పోనిస్తుంటివా? ఫోన్లు నేనే ఇచ్చిన" అంటూ శ్యామలమ్మ పసిగుడ్డు సంగతి చెప్పింది.

ఆయన మబ్బు వంక చూశాడు. తోట నిండా ఎర్రగా కాయ, ఊళ్లో ఏరే మనిషి లేడు. అప్పుడే విజయ్‌కుమార్ నుంచి ఫోన్ వచ్చింది.

"బిడ్డా, తోట ఆగమైతాంది. వెంటనే రా."

"సేటు పంపడు బాపూ. పని జోరు మీదుంది."

"వానికెందుకు చెప్తవురా? చెప్పకుండ రైలెక్కు. గిన్ని రోజులు ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"ఫోన్ నా చేతులుంటెగద. మా రూముల కరెంటు లేదని సేటు అందరియి చార్జింగ్‌కు తీస్కపోయిండు. ఎప్పుడడిగినా ఇంక నిండలే అంటాండు. ఇయ్యాల జరసేపు ఇచ్చిండు, మళ్ల అడుగుతాండు. పెడ్త బాపూ."

ఆ సేటును నాలుగు తిడదామని రాజలింగు నోరు తెరిచాడు. శ్యామలమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమె ఖాళీ గంప తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పొద్దుగాల్నే లేవాలె. ఇంటి మనుషులం ఇద్దరమే ఉన్నం."