ఏడో గది తలుపు

వేడెక్కిన గ్రీజు వాసన.

పద్నాలుగు అంతస్తుల పైన, డాబా మీద ఒక మూల, ఇనప తలుపున్న చిన్న గది. లోపల మోటారు. మోటారు మీంచి ఆరు స్టీలు తాళ్లు చీకట్లోకి దిగిపోతుంటాయి. తాళ్లు కదిలితే కింద ఎవరో ఎక్కినట్టు. ఆగితే ఎవరో దిగినట్టు. మనుషులు కనిపించరు. వాళ్ల బరువు మాత్రం తెలుస్తుంది.

నేను లిఫ్టు మెకానిక్కుని.

పని పడితే ఊపిరి సలపదు. పడకపోతే పొద్దే పోదు. ఆ పొద్దుపోని మధ్యాహ్నాల్లోనే, ఆ గదిలో తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఫోను చూస్తూ ఉండగా, ఓడ కనిపించింది.

'దూరం పోయే ఓడకి సిబ్బంది కావాలి. జీతం లేదు. రాయడం వస్తే చాలు.'

నిజం ఓడ కాదు. ఈమెయిల్లో ఆడే ఆట. ఎక్కడెక్కడో ఉన్న పదకొండు మంది, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, భూమి వదిలి రెండు వందల ఏళ్లయిన అంతరిక్ష నౌకలో బతుకుతుంటారు. ఒకరు తమ పాత్రకి ఏం జరిగిందో నాలుగు పేరాలు రాసి అందరికీ పంపుతారు. దాన్ని పట్టుకుని ఇంకొకరు రాస్తారు. బొమ్మలు లేవు. గెలుపూ ఓటమీ లేవు. ఉత్తరాలే.

అక్కకి చెప్తే నవ్వింది.

అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. ముందుగదిలో ఆమె కుట్టుమిషను, వెనక గదిలో నా పనిముట్లు. నాలుగేళ్లు కాపురం చేసి, ఒక మధ్యాహ్నం ఒక్క సంచితో వచ్చేసింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆరేళ్లయింది.

"వంటింటి గడియ ఊడి మూడు నెలలైంది. ఆకాశంలో ఓడకి తలుపులు బిగిస్తాడట," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నేల విడిచి సాము అంటే ఇదే. పది రోజులు చూస్తా నీ ఆరంభశూరత్వం."

పది రోజులు నిలబడాలని అప్పుడే పంతం పట్టాను.

దరఖాస్తులో నాలుగు ప్రశ్నలు. నీ పాత్ర వయసెంత? ఏ పని వచ్చు? ఓడ ఎందుకెక్కావు? దేనికి భయపడతావు?

వయసు — ముప్పై ఎనిమిది. పని — తలుపులు. ఎందుకెక్కాను — కింద పొద్దు పోక. భయం — ఏమీ లేదు.

కెప్టెన్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. కెప్టెన్ అంటే ఆట నడిపే పెద్దమనిషి. ఆయనో, ఆమో, నాకు ఇప్పటికీ తెలియదు.

'భయం లేనివాణ్ణి ఓడ ఎక్కించుకోం. మళ్లీ రాయి.'

చాలాసేపు ఆలోచించి, ఒక్క ముక్క రాశాను.

'పిలిస్తే ఎవరూ పలకని గది.'

అదే గంటలో చేర్చుకున్నారు.

రూల్స్ వచ్చాయి. వారానికి ఒక ఉత్తరమైనా రాయాలి. ఇంకొకరి పాత్ర నోట్లో మాట పెట్టకూడదు. మూడోది — నేల మాటలు వద్దు. నేల అంటే మన మామూలు బతుకు. నువ్వెవరు, ఏ ఊరు, ఇంట్లో ఎవరున్నారు... ఎవరూ ఎవర్నీ అడగకూడదు. ఓడ ఎక్కాక నేల లేదు.

చివర్లో ఒక ఆనవాయితీ.

ఎవరైనా ఇరవై ఒక్క రోజులు ఉత్తరం రాయకపోతే, వాళ్ల పాత్ర చనిపోయినట్టే. ఆ చావుని కొత్తగా చేరినవాడు రాయాలి. పాతవాళ్లకి చెయ్యి రాదు. కొత్తవాడికి బంధమూ లేదు, బెంగా లేదు. అదే అతని మొదటి ఉత్తరం. అది రాశాకే ఓడలో చోటు.

బుధవారం కెప్టెన్ రాశారు. 'డాక్టరమ్మ ఏడో గదిలో ఉంది. ఆమె రాసి పంతొమ్మిది రోజులైంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటిదాకా చూద్దాం. ఆ తర్వాత తలుపు మూసెయ్. బాగా రాయి. మంచి మనిషి.'

ఒక మనిషిని చంపాలంటే ముందు ఆ మనిషి తెలియాలి కదా.

ఆమె పాత ఉత్తరాలన్నీ దించుకున్నాను. నలభై మూడు. డబ్బా మీద కూర్చుని, మోటారు లేచినప్పుడల్లా ఆగుతూ, ఒక్కొక్కటే చదివాను.

మొదటి ఉత్తరాలు నవ్వించాయి. ఓడ డాక్టరు. విరిగిన కాళ్లు అతికిస్తుంది. వంటవాడి కూర తిని ముగ్గురు పడిపోతే, మందు వాళ్లకి కాదు వంటవాడికి రాసిస్తుంది. పదిమందినీ ఆటపట్టిస్తుంది. నాలాంటివాడు చేరి ఉంటే నన్నూ వదిలిపెట్టేది కాదు.

పద్దెనిమిదో ఉత్తరంలో డాక్టరమ్మకి ఏదో అంటువ్యాధి సోకింది. ఏడో గదిలో ఒంటరిగా ఉంచారు.

అక్కణ్ణుంచి నవ్వు లేదు.

'గడియ బయట ఉంది. రోగం నాది కదా, గడియ లోపల ఉంటే పోయేదేముంది? అడగను.'

'కిటికీ అద్దానికి తెల్లరంగు పూశారు. నక్షత్రాలు చూస్తే నాకు నిద్ర పట్టదట.'

'ఇవాళ పళ్లెం ఒక్కసారే వచ్చింది.'

ప్రతి దాని కింద పదిమంది మెచ్చుకోళ్లు. ఒళ్లు జలదరించింది డాక్టరమ్మా... ఎంత బాగా రాశారండీ... ఇంకా రాయండి.

ఇంకా రాసింది.

చిట్టచివరిది, నలభై మూడోది, నాలుగు వాక్యాలే.

'గోడ వెనక నుంచి యంత్రం లేస్తుంది. తొమ్మిది సెకన్లు మూలుగుతుంది. ఆగబోయే ముందు రెండుసార్లు దగ్గుతుంది — మొదట చిన్నది, వెంటనే పెద్దది. తర్వాత అడుగులు వినిపిస్తాయి, నేను మంచం మీద లేచి కూర్చుంటాను.'

ఫోను పక్కన పెట్టాను.

మా ఓడలో ఇంజను ఆగదు. రెండు వందల ఏళ్లుగా ఆగలేదు. కథలో మొట్టమొదటి వాక్యమే అది, డాక్టరమ్మకి నాకంటే బాగా తెలుసు. మరి లేచి, మూలిగి, దగ్గి ఆగేది ఏమిటి?

నాకు తెలుసు.

నేను తినే తిండి ఆ దగ్గుదే.

గురువారం పొద్దున్న, నాకు పని నేర్పిన మేస్త్రీకి ఆ నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "బ్రేకు లైనింగు ఒకవైపు అరిగిపోయిందిరా. ఇంత స్పష్టంగా వినపడిందంటే చిట్టచివరి అంతస్తే. గది గోడకి ఆనుకునే లిఫ్టు ఉండాలి. ఎక్కడి కంప్లైంటు?"

"ఆకాశంలోది మేస్త్రీ."

"అయితే పొడుగు నిచ్చెన తీసుకెళ్లు," అన్నాడు.

నవ్వలేకపోయాను.

ఆమె రాసింది కథ కాదు. ఎక్కడో, ఒక పై అంతస్తులో, బయట గడియ పెట్టిన గదిలో ఒక మనిషి ఉంది. ఇరవై రోజులుగా మాట లేదు. రేపు నాలుగింటికి నేను ఆమెని చంపాలి.

కెప్టెన్‌కి రాశాను. వెంటనే జవాబు. 'నేల మాటలు వద్దన్నాను. ఆ రూలు పెట్టమని అడిగింది డాక్టరమ్మే. ఎందుకని నేను అడగలేదు. నువ్వూ అడగకు.'

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనుకున్నాను ఆ పెద్దమనిషిని. నేను పట్టిన దానికి మాత్రం నాలుగున్నాయనుకున్నాను.

పోలీసు స్టేషనుకి వెళ్లాను. కానిస్టేబుల్ మంచివాడే. కుర్చీ చూపించి, కాగితం తీశాడు.

"ఆవిడ పేరు?"

"తెలీదండి."

"ఏ ఊరు?"

"తెలీదండి."

"మీకేమవుతారు?"

"ఒకే ఓడలో పనిచేస్తామండి. అంటే... ఈమెయిల్ ఆటలో."

కలం మూత పెట్టాడు. కోప్పడలేదు. "అడ్రసు ఒకటి తెచ్చుకోండి. అప్పుడు చూద్దాం," అన్నాడు.

అడ్రసు ఎవరి దగ్గరుంటుంది? ఆమె దగ్గరే.

డాబా మీదికి తిరిగొచ్చాను. మోటారు లేస్తోంది, ఆగుతోంది. ఓడ ఉత్తరాల పైన అందరి ఈమెయిళ్లూ ఉంటాయి. ఆమెది వెతికి పట్టుకుని, ఆమె ఒక్కదానికే రాశాను. పాత్రగా కాదు. నేనుగా.

'అమ్మా, ఇది ఆట ఉత్తరం కాదు. నేను లిఫ్టు మెకానిక్కుని. మీరు రాసేదంతా నిజమని నాకు తెలిసిపోయింది. మీరు ఏదో బిల్డింగు పై అంతస్తులో ఉన్నారు. గోడ వెనక లిఫ్టు. గడియ బయట పెడుతున్నది ఎవరు? అడ్రసు రాయండి చాలు. పోలీసులను తీసుకుని వస్తాను. భయపడకండి.'

పంపాను.

చెప్పడానికి సిగ్గేస్తోంది... గర్వపడ్డాను. పదిమంది చదివి చప్పట్లు కొట్టిన చోట, నేనొక్కణ్ణే విన్నాను అనుకున్నాను. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలిగ్గా ఉంది.

ఇంటికెళ్లి అక్కకి అంతా చెప్పాను. నేను పంపిన ఉత్తరం చూపించాను. మెచ్చుకుంటుందని.

కుట్టుమిషను ఆగింది.

"ఎవరికి పంపావ్?"

"ఆమెకే."

"ఆమె ఉత్తరాలు ఆమె ఒక్కతే చదువుతుందని నీకెవరు చెప్పారు?"

పంపిన ఉత్తరాన్ని మళ్లీ తెరిచాను.

"గదికి బయట గడియ పెట్టినవాడు, ఫోను మాత్రం చేతికిచ్చి వదిలేస్తాడా? చదివే ఉంటాడురా. అన్నీ చదివే ఉంటాడు. ఓడలూ రోగాలూ అని రాస్తోందని నవ్వుకుని వదిలేసి ఉంటాడు."

కత్తెర బల్ల మీద పెట్టింది. నా వైపు చూడకుండా, చేతిలోని బట్ట వైపు చూస్తూ మాట్లాడింది.

"నేను ఆదివారం ఆదివారం నీకు ఫోన్ చేసేదాన్ని గుర్తుందా? ఆ నాలుగేళ్లూ?"

"ఉంది."

"పక్కన కూర్చుని వినేవాడు. ప్రతి మాటా. ఇక్కడ వానలు బాగా ఎక్కువగా ఉన్నాయిరా, తట్టుకోలేకపోతున్నాను అనేదాన్ని. నడి ఎండాకాలంలో కూడా అనేదాన్ని."

గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి.

"గొడుగు కొనుక్కో అనేవాడివి నువ్వు," అంది అక్క.

ఆరేళ్లలో మొదటిసారి ఆమె మొహంలోకి సరిగ్గా చూశాను. తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు.

పంపిన ఉత్తరాన్ని వెనక్కి లాగడానికి చూశాను. రాదు. లిఫ్టులో అయితే ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కితే ఎక్కడున్నది అక్కడ ఆగుతుంది. ఇది ఆగేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నా దగ్గర ఆకులు కూడా లేవు. పైగా కాలింది నా చేతులు కాదు.

శుక్రవారం.

పనికి వెళ్లాను. తాళ్లకి గ్రీజు పట్టించాను. కదులుతున్నాయి... ఆగుతున్నాయి. ఎవరో ఎక్కుతున్నారు. ఎవరో దిగుతున్నారు. గుడ్డతో చెయ్యి తుడుచుకోవడం, ఫోను చూడటం. తుడుచుకోవడం, చూడటం.

మూడుంపావుకి వచ్చింది. ఆమె ఈమెయిల్ నుంచే.

'నమస్కారం. ఆవిడ ఫోను నా దగ్గరుంది. ఈ ఉత్తరాలు మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఏదో ఆట, కాలక్షేపం అనుకున్నాను. మీరు అర్థమయ్యేలా చెప్పారు. థాంక్స్. లిఫ్టు కూడా బాగు చేయిస్తాను.'

ఇంకేమీ లేదు. పేరు లేదు.

వెంటనే జవాబు రాశాను. ఆవిడ ఎలా ఉన్నారు? ఒక్కసారి మాట్లాడించండి. ఒక్కటంటే ఒక్క మాట. పంపిన మరుక్షణం తిరిగొచ్చింది — ఈ చిరునామా ఇప్పుడు లేదు.

ఎలా మెట్లు దిగానో తెలియదు. లిఫ్టు ఎక్కాలని కూడా తోచలేదు.

ఇంటికి చేరేసరికి అక్క చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. నాలుగింటి కోసమే కాచుకున్నట్టుంది; నా ఫోను తీసుకుని ఆ జవాబు చదివింది. స్టేషను ఎదురుగా జిరాక్స్ షాపులో ఆ ఉత్తరాన్ని కాగితం మీదికి తీయించింది. రోడ్డు దాటి లోపలికి నడిచింది. నేను వెనక.

నిన్నటి కానిస్టేబులే. గుర్తుపట్టాడు.

"అడ్రసు దొరికిందా?"

"లేదండి. ఇది వచ్చింది," అని అక్క కాగితం బల్ల మీద పెట్టింది.

ఆయన చదువుతున్నాడు. జేబులో నా ఫోను అదిరింది. తీసి చూశాను. కెప్టెన్.

'నాలుగైంది. తలుపు మూశావా?'

కానిస్టేబుల్ రెండోసారి కూడా చదివాడు. ఈసారి నెమ్మదిగా, వేలు పెట్టి. ఆయన తప్పేమీ లేదు. ఆ కాగితంలో ఒక్క చెడ్డ మాట లేదు, ఒక్క బెదిరింపు లేదు. నేను చూశాను. పదిసార్లు వెతికాను.

"ఇందులో కేసు ఏముందమ్మా?" అన్నాడు చివరికి. "మర్యాదగానే రాశాడు కదా. థాంక్స్ కూడా చెప్పాడు."

"వాళ్లు మర్యాదగానే ఉంటారు సార్," అంది అక్క. "బయటివాళ్లతో."

ఆయన కాగితం మా వైపు జరిపాడు.

అక్క తీసుకోలేదు. నేను తీసుకున్నాను. షాపులోంచి వేడిగా వచ్చిన కాగితం, ఇంకా వెచ్చగానే ఉంది.