విందు గొర్రెకి జ్వరం

గులాబీ రంగు రిబ్బను గొర్రె మెడకేం నప్పుతుంది, పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి తెచ్చి నల్లబల్ల పక్కన కట్టేశారు, మొన్న అంత మంచులో హాస్టలు వెనకాల నిలబెట్టి షాంపూతో తోమించాడు దాన్ని మా డైరెక్టరు జుమాదిల్, వాసన రాకూడదు సగిన్ అన్నా, రాజధాని నుంచి వచ్చేవాళ్ళు సున్నితం మనుషులు, అని నాతో అన్నాడు, పశువైద్యం నేర్పే కాలేజీలో పశువు వాసన రాకూడదట, ఛీ, ఇప్పుడు షాంపూ వాసనా పెంటికల వాసనా కలిసి ఇంకా కంపరంగా ఉంది, తనిఖీకి వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను, చచ్చినట్టు నవ్వాలి, ఇది బహిరంగ పాఠం, అతిథుల ముందు ఆడే పాఠం, వారం నుంచి ఒత్తి ఒత్తి పలికించిన పాఠం, మామూలు పాఠానికి ఈ నరిన్ ఊళ్ళో ఎవరు నవ్వారు గనక.

మొదట మోటివేషన్, ప్రణాళికలో అలాగే ఉంది, విద్యార్థులలో ఉత్సాహము కలిగించుట, అందుకని అందరూ గుండ్రంగా నిలబడి చేతుల్లో కాగితం పూరేకులు పట్టుకుని ఒకరికొకరు శుభం కోరుకుంటున్నారు, మీసాలొచ్చిన మగపిల్లలు, తాషిబేక్ అనేవాడు వేసవిలో కొండమీద ఒంటిచేత్తో పొట్టేలుని పడేసి బొచ్చు కత్తిరించగలడు, వాడిప్పుడు ఆ మొద్దు వేళ్ళతో రేకుని కళ్ళ దగ్గర పెట్టుకుని, నీ హృదయము పువ్వులా వికసించుగాక, అని పక్కవాడికి చదువుతున్నాడు, పక్కవాడు నవ్వాపుకోలేక దగ్గుతున్నాడు, నాకు వాళ్ళని తిట్టాలని లేదు, కత్తెర పట్టుకుని ఈ కాగితం రేకులు కత్తిరించిన చేతుల్ని తిట్టాలనుంది, పెద్దావిడ మాత్రం ఎంత బావుందండీ వాతావరణం అని రాసుకుంటోంది, జుమాదిల్ పళ్ళికిలిస్తున్నాడు, మంచి కోట్లు లేని నలుగుర్ని పొద్దున్నే హాస్టలుకి తరిమేసి వాళ్ళ జాగాలో అకౌంట్సు చదివే ఆడపిల్లల్ని తెల్లకోట్లు తొడిగి నిలబెట్టాడు, వాళ్ళు చక్కగా మాట్లాడతారన్నా, మీ వాళ్ళు గొడ్లలా నిలబడతారు, అన్నాడు, గొడ్ల డాక్టర్లు కాబోయేవాళ్ళు గొడ్లలా నిలబడటమే అన్యాయమైపోయింది ఈయనకి.

వీళ్ళలో ఉత్సాహం లేదట, మీటింగు పెట్టిన ప్రతిసారీ అదే ఏడుపు, యువతలో ఆసక్తి తగ్గిపోయింది, ఫోన్లు పాడుచేశాయి, ఉపాధ్యాయులు స్ఫూర్తి నింపాలి, ఏదో తిత్తిలో గాలి నింపినట్టు, ఆ మూల గొర్రె తాడు పట్టుకుని నిలబడ్డ సల్కిన్ ఉంది చూడండి, రెండేళ్ళుగా నా క్లాసులో చివరి బెంచీ మీద తల వాల్చుకుని నిద్రపోతోంది, మొదటి ఏడాది అలా ఉండేది కాదు, ప్రశ్నలతో నా ప్రాణం తోడేసేది, ఒకరోజు స్టాఫ్ రూముకొచ్చి, అగాయ్, అంటే ఇక్కడ మాస్టారూ అని, పరీక్షలో గుర్రానికి నాలుగు పొట్టలని కావాలనే తప్పు రాశాను, అయిదుకి అయిదొచ్చాయి, ఇప్పుడు నేనెందుకు చదవాలో మీరే చెప్పండి, అంది, అందరికీ అయిదులే వేసి పంపుతుంది ఆఫీసు, పాసుశాతం చూపించాలిగా, వెళ్ళి కూర్చోమ్మా అన్నాను, వెళ్ళి కూర్చుంది, పడుకుంది, ఇవాళ ఆమె పని తాడు పట్టుకోవడం, నోరు విప్పకూడదు, జుమాదిల్ ఆజ్ఞ, పాఠం అవగానే ఆ తాడు వంటాయన చేతిలో పెట్టాలి, ఎందుకంటే అతిథుల భోజనం కూడా ఈ గొర్రే, పెరట్లో గంగాళం పొయ్యెక్కేసింది, మర్యాద కొద్దీ దీని తల ఏ అతిథి ముందు పెట్టాలో నిన్ననే తేలిపోయింది, ఒక్క గొర్రెతో పాఠమూ విందూ, పొదుపు మనిషి మా డైరెక్టరు.

జ్వరం చూసే ఘట్టం జిబెక్‌ది, అకౌంట్సు పిల్ల, చిలకలా ఒప్పజెప్పింది, రోగనిర్ధారణలో శరీర ఉష్ణోగ్రత అత్యంత ముఖ్యమైనది, రిహార్సల్లో థర్మామీటరు గాల్లో పట్టుకుని ముప్పైతొమ్మిదిన్నర, గొర్రె ఆరోగ్యంగా ఉంది, అనేది, అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం, ఇప్పుడు పెద్దావిడ కుర్చీ ముందుకి జరుపుకుని, ఏదీ పెట్టి చూపించమ్మా, అనేసరికి జిబెక్ గొర్రె తోక వంక చూసింది, ఎక్కడ పెట్టాలో అప్పుడే అర్థమైనట్టుంది పాపం, మొహం పాలిపోయింది, వాంతొస్తోంది అగాయ్ అని గొణిగింది, నాకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు రోత, ఇంతలో సల్కిన్ ఆమె చేతిలోంచి థర్మామీటరు లాక్కుని, నాలుగుసార్లు విదిలించి, వాజలీను రాసి, తోకెత్తి పెట్టేసింది, ఇంకో చేయి గొర్రె డొక్క మీద వేసి పట్టుకుంది, అరె, దీనికివన్నీ ఎప్పుడొచ్చాయి, నిద్రలో విన్నదా ఏమిటి, ఆ కాసేపూ జుమాదిల్ కాలేజీ ఘనత గురించి ఏదో దంచుతున్నాడు, సల్కిన్ థర్మామీటరు తీసి తుడిచి కిటికీ వైపు తిప్పి చూసింది, మళ్ళీ చూసింది, నలభై ఒకటి పాయింటు ఎనిమిది, అంది.

ఎవరూ ఊపిరి తియ్యలేదు, గొర్రె ఒక్కటే తీస్తోంది, గబగబా, పక్కలు ఎగరేస్తూ, ముక్కు కారుతోంది, పొద్దుట్నుంచి దీని ఎదురుగా నిలబడి ఆ రిబ్బనునే తిట్టుకుంటున్నాను గానీ రిబ్బను కింద గొర్రెని నేనూ చూడలేదు, మంచులో స్నానం, ఊపిరితిత్తులు పట్టేసి ఉంటాయి, అమ్మాయ్, కళ్ళజోడు కావాలేమో చూసుకో, అని జుమాదిల్ నవ్వాడు, అతిథులూ నవ్వారు, సల్కిన్ నవ్వలేదు, జ్వరంతో ఉన్న గొర్రెని కొయ్యకూడదు కదా అగాయ్, అని నన్నడిగింది, థర్మామీటరు నా చేతిలో పెట్టింది, జుమాదిల్ నా చెవి దగ్గరికొచ్చి, ముప్పైతొమ్మిదిన్నర అనేసి కానిచ్చెయ్యన్నా, నీళ్ళు మరుగుతున్నాయి, ఉడికితే జ్వరమూ గిరమూ ఏముంటుంది, అన్నాడు, వచ్చే ఏడు నన్ను ఉంచాలో ఇంటికి పంపాలో ఈయన చేతిలో ఉంది, ఆ చేయి నా భుజం మీదుంది, వెచ్చగా, జిగటగా, నాకు ఒళ్ళంతా చీదర పుట్టింది, ముప్పైతొమ్మిదిన్నర, ఒక్క మాట, ఎన్ని మాటలు మింగలేదు ఇక్కడ, ఇదీ మింగితే ఏమవుతుంది, ఈ పిల్ల రేపు ఏ పల్లెలోనో డాక్టరై ఏ జబ్బు గొడ్డుకైనా బావుందని చెప్పేసి తలుపేసుకుంటుంది, ఆ మాంసం ఎవరి పిల్లలో తింటారు, తాషిబేక్ అంతే, అందరూ అంతే, తలెత్తి చూస్తే అందరూ నా నోరే చూస్తున్నారు, ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు, ఇలా ఈ గది నన్ను చూడటం ఎప్పుడూ ఎరగను, నాకు భయమేసింది, థర్మామీటరు వెలుగుకి తిప్పాను, నలభై ఒకటి పాయింటు ఎనిమిదే, సల్కిన్ సరిగ్గా చదివింది, ఈ గొర్రెకి జ్వరం, దీన్ని కొయ్యడానికి వీల్లేదు, అన్నాను, గట్టిగానే అన్నాననుకుంటా.

జుమాదిల్ మొహం మీద నవ్వు అలాగే అతుక్కుపోయింది, పాఠం అయ్యాక ఒకసారి నా గదికి రండి సగిన్ గారూ, అన్నాడు, అన్నా పోయి గారూ వచ్చింది, పోనీ, పెద్దావిడ మరి భోజనం అని మొదలెట్టి సర్దుకుని మూత బిగించి కలం సంచిలో వేసుకుంది, స్ఫూర్తి గురించి వచ్చినావిడకి మాంసం గురించే బెంగ, అప్పటికే తలుపు తీసుకుని వంటాయన లోపలికి వచ్చేసి ఉన్నాడు, చేతిలో కత్తి, ఇవ్వండయ్యా ఇంక, పొద్దెక్కిపోతోంది, అంటూ తాడు కోసం చేయి చాపాడు, సల్కిన్ తాడు ఇవ్వలేదు, వంటాయన డైరెక్టర్ని చూశాడు, నన్ను చూశాడు, మేమిద్దరం ఏమనుకుంటున్నామో ఆయనకి అక్కర్లేదనిపించినట్టుంది, ఆ పిల్లనే అడిగాడు, ఏమ్మా, కొయ్యనా వద్దా, జబ్బుగా ఉంది తాతా, వద్దు, అంది సల్కిన్, ఆయన తలూపి కత్తి ఒరలో దోపుకుని వెళ్ళిపోయాడు, అంతే, ఆ తరవాత గుండ్రంగా నిలబడ్డవాళ్ళంతా గొర్రె మీద పడ్డారు, ఒకడు కనురెప్ప లాగి చూస్తున్నాడు, తాషిబేక్ చెవి ఆనించి, కుడి పక్కన గురగురమంటోంది అగాయ్, అన్నాడు, కుడి కాదురా మొద్దూ రెండు పక్కలా, అంది సల్కిన్, ఏదీ నన్ను విననీ, నువ్వాగు, కోటు ఇటివ్వు, ముందు దీన్ని తుడవాలి, ఇంజక్షను ఎంత ఇవ్వాలి అగాయ్, బరువెంతుంటుంది ఇది, తోసుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు, అతిథుల్ని మోచేతులతో నెట్టేస్తున్నారు, జిబెక్ కూడా కొంగలా మెడ చాపి చూస్తోంది, ఈ వీధిమూక మధ్యలో నేను నిలబడి రేపటి నా ఉద్యోగం గురించి భయపడటం మర్చిపోయాను, వీళ్ళలో లేనిదేదో ఎక్కించాలని ఇన్నేళ్ళు పడి చచ్చాం, వీళ్ళలో లేనిదేమీ లేదు, వీళ్ళకి కావలసింది ఒక్కటే, తాము చూసి చెప్పిన మాట విని ఒక పెద్దమనిషి కత్తి ఒరలో పెట్టుకోవడం.