పాలు పొంగించని గది

ఫోన్ మోగేసరికి సస్మిత రెండు చేతుల్లోనూ చీర ఉంది.

పట్నంలో, బడా బజార్‌లోని ధర్మలింగం గారి చీరల కొట్టులో ఆమె పని మడతలు పెట్టడం. అమ్మేవాళ్లు వేరే. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు విప్పించుకుని, భుజాన వేసుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, చివరికి నచ్చక వదిలేసి పోయిన చీరలన్నిటినీ పాత గీతల మీదే మళ్లీ మడిచి, లోపల అట్ట పెట్టి, పెట్టెలో సర్దడం ఆమె వంతు. ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాపి, ఎక్కడా ముడత లేకుండా మడిచేది. ఇప్పుడూ గడ్డం కింద చీర అలాగే ఉంచుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"సస్మీ, తలుపు బిగించీసినారు. రంగు ఆరిపోనాది." అవతల మొగుడు చిట్టిబాబు గొంతు, దాని వెనక సముద్రం హోరు. "గది రెడీ. సందలడేసరికి నీకు నచ్చినట్టు సింగారించీ."

"ఈయాలేనా మావా?"

"ఈయాలే. సాయంత్రం పింటుని తీసుకొస్తన్నాను. సూసినోడికి కళ్లు తిరిగిపోవాల."

గడ్డం కింద చీర జారి కాళ్ల మీద కుప్పగా పడింది. కుంకుమ రంగు పట్టుచీర. దాన్ని తీసి మడవాలని కూడా తోచలేదు ఆమెకి. ఆ కుప్పలో నిలబడి కాసేపు నవ్వుకుంది.

గది! గోపాల్‌పూర్‌లో అత్తవారి ఇంటి మీద గది. కింద ఉన్నది ఒకే గది, వెనక వంటకి చిన్న చోటు. పెళ్లయిన దగ్గరనుంచీ లోపల అత్తగారి పక్కన సస్మిత, అరుగు మీద నులకమంచంలో చిట్టిబాబు. కొత్త జంట ఒక మాట మాట్లాడుకోవాలంటే గవ్వలు ఏరే నెపంతో ఒడ్డుకి పోవాలి. అలా ఏరిన గవ్వలే ఒక డబ్బా నిండాయి. "పైన గది పడనీ, మన గవ్వలకి కూడా సోటుంటాది" అనేవాడు అతను. చేతి వేళ్లతో ఇసుకలోంచి ఒక్కొక్కటే పైకి తీసి, లుంగీ అంచుతో తుడిచి, ఆమె అరచేతిలో పెట్టేవాడు. కేరళ వెళ్లి చేపల బోట్ల మీద పని చేసి సంపాదించినదంతా ఆ గదికే పోసేశాడు.

సస్మితకి ఆ గదిలో అన్నిటికంటే ముద్దొచ్చినవి గోడలు. ఆమె పుట్టి పెరిగింది కొడల అనే ఊళ్లో, అద్దె వాటాలో. తండ్రి పోయాక తల్లి సంతలో ఎండుచేపలు అమ్మి పెంచింది. ఆ ఇంటివాళ్లు గోడకి మేకు కొట్టనిచ్చేవారు కాదు. తండ్రి ఫోటో కూడా బియ్యం డబ్బా మీద ఆనించి ఉండేది. డిగ్రీ చదివేటప్పుడు స్నేహితుల ఇళ్లకి వెళ్లి ఆమె ముందు చూసేది గోడల వైపే.

"సావుకారు గారూ, ఒక పూట సెలవు కావాలండి."

ధర్మలింగం గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఏటమ్మా? ఎవరికి బాగోలేదు?"

"అందరికీ బాగుందండి. అందుకే."

ఆయన పొట్ట కదిలేలా నవ్వారు. "కొత్త పెళ్లికూతురివి, నిన్ను ఆపితే పాపం తగుల్తాది. ఎల్లు. ఆ సొట్టపోయిన పెట్టెలు కూడా అట్టుకుపో. నీ కళ్లు వాటిమీదే ఉన్నాయని నాకు తెలీదేటి?"

గోపాల్‌పూర్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ రోజు అన్నీ దొరికే రోజు! ఒళ్లో ఖాళీ చీర పెట్టెలు, వాటి మీద గడ్డం. బస్సు దిగి ఒక పాల ప్యాకెట్ కొంది. కొత్త గదిలో పాలు పొంగించాలి కదా.

ఇంటికి రాగానే మంచం కిందనుంచి గోనెసంచి బయటికి లాగింది. పెళ్లయిన దగ్గరనుంచీ పోగుచేసిన సంపద అంతా అందులోనే ఉంది. పాడైన చీరల నుంచి కత్తిరించిన అంచులు, తెగిపోయిన పడవ తాడు, వల తేలడానికి కట్టే బోలు ప్లాస్టిక్ బెండ్లు, పడవలకి వేయగా డబ్బా అడుగున మిగిలిన నీలం రంగు, గవ్వల డబ్బా.

"నా కోడలు సారెకి బదులు సెత్త తెచ్చుకున్నాది" అంది అత్తగారు తవిటమ్మ, గుమ్మంలో కూర్చుని. రోజూ అనే మాటే. కానీ రోజూ అన్నాక నవ్వేది, ఈ రోజు నవ్వలేదు.

బయట మెట్ల మీదుగా పైకి వెళ్లి తలుపు తోసింది సస్మిత. సున్నం వాసన. ఒక కొత్త మంచం, తెల్లటి గలేబులు తొడిగిన రెండు దిండ్లు. మూలన స్నానాల గది, అందులో కుర్చీలా కూర్చునే తెల్లటి దొడ్డి. ఆమె దాని మూత రెండుసార్లు ఎత్తి దించి, తనలో తానే సిగ్గుపడింది. మావ ఇన్ని ఆలోచించాడా! కిటికీ తెరిస్తే సముద్రం. నాలుగు గోడలు, ఖాళీగా, తెల్లగా, మేకు కొట్టినా ఎవరూ అరవనివి.

సుత్తి తీసుకుని మొదటి మేకు కొట్టింది. ఆ చప్పుడు ఎంత బాగుందంటే, అవసరం లేకపోయినా పక్కనే ఇంకొకటి కొట్టింది.

చీర పెట్టెల అట్టని పళ్లెం బోర్లించి గుండ్రంగా కత్తిరించి, మైదా జిగురు రాసి, వాటి చుట్టూ చీర అంచులు ఎర్రది, పచ్చది, బంగారు జరీది బిగుతుగా చుట్టింది. అవి మంచం తలవైపు గోడకెక్కాయి. వల బెండుని సగానికి కోసి, కాల్చిన మేకుతో చుట్టూ చిల్లులు పొడిచి, బల్బు మీద బోర్లించింది. స్విచ్ వేస్తే గోడంతా చుక్కల చీర కట్టుకుంది. పడవ తాడుని నడుమ నుంచి చుట్టలు చుట్టలుగా తిప్పుకుంటూ, వల అల్లే సూదితో కుట్టుకుంటూ పోతే, గుమ్మం ముందు వేసుకునే గుండ్రని పట్టా అయింది. కిటికీ చట్రానికి నీలం రంగు వేసింది. ముక్కు చివర కూడా కాస్త అంటింది.

తవిటమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో పాత వల. చనిపోయిన మావగారిది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"కిటికీకి కడతావేటి?"

"అత్తా, నిజంగానా!" అని సస్మిత ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది.

ఇద్దరూ కలిసి వలని తెరలా కట్టారు. గాలికి అది లోపలికి ఉబ్బి, మళ్లీ వెనక్కి పోయింది. తవిటమ్మ దాని వైపు చూస్తూ నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. "మేకు వంకరగా ఉంది" అంది చివరికి.

"అత్తా, కింద పొయ్యి పైకి తెద్దామా? పాలు తెచ్చాను. పొంగిద్దాం."

"ఈ గదికి పాలెందుకే. అక్కర్లేదు."

సస్మితకి అదీ సబబే అనిపించింది. నిజమే. ఇది వేరే ఇల్లు కాదుగా, అదే ఇంటి మీద ఇంకో గది. పొయ్యి ఒకటే, కుటుంబం ఒకటే. అత్తగారికి తెలియనిదా? "అయితే నా పెట్టె పైకి తెచ్చుకుంటాను."

"ముందు ఆడ్ని రానీ. అప్పుడు సూద్దాం" అని ఆవిడ గబగబా మెట్లు దిగిపోయింది.

అన్నిటికంటే చివర పేర్ల పలక. విరిగిన పడవ చెక్కని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది ఉంచుకుంది. చదువంతా ఒడియాలోనే కావడంతో సస్మితకి తెలుగు రాయడం రాదు. అందుకే పెళ్లి శుభలేఖని పక్కన పెట్టుకుని, దానిలోని అక్షరాలు చూసి చెక్క మీద పెన్సిల్‌తో గీసుకుంది. ఒడ్డున ఇద్దరూ ఏరిన గవ్వలు, చిన్నవి చిన్నవి, ఆ గీతల మీద అతికించింది. పైన చిట్టిబాబు. కింద సస్మిత. ఒక్కొక్క గవ్వనీ వేలితో నొక్కి, లోపల ఏదో లెక్క సరిపోయినట్టు తల ఊపుకుంది. బయట తలుపుకి తగిలించి మెట్ల చివరి దాకా దిగి చూసింది. వంకర లేదు.

ఎండ వాలుతుండగా బండి ఆగింది. చిట్టిబాబు, వెనక పింటు. బీచ్ దగ్గర టూరిస్టులకి గదులు చూపించే పింటు. పెళ్లిలో మొగుడి స్నేహితుడని పరిచయం. సస్మిత ముఖం కడుక్కుని, పూలు పెట్టుకుని, గుమ్మం పక్కన నిలబడింది.

చిట్టిబాబు లోపలికి తొంగి చూసి అలాగే నిలబడిపోయాడు. "ఓలమ్మో!" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమెకి ఇంతసేపూ వంగిన నడుము నొప్పి ఎగిరిపోయింది.

పింటు చెప్పులతోనే తాడు పట్టా తొక్కి లోపలికి నడిచాడు. ఫోన్ తీసి గోడల్ని, బెండు దీపాన్ని, వల తెరని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు.

"చెప్పులు..." అంది సస్మిత చిన్నగా, మొగుడితో.

"ఉండనీ. రేపట్నుంచి అందరూ సెప్పుల్తోనే ఒస్తారు."

"అందరూ అంటే?"

"టూరిస్టులు. రేపు పొద్దున్నే కలకత్తా నుంచి కొత్త జంట దిగుతున్నారు. మొదటి బోణీ!" అతని ముఖం వెలిగిపోతోంది. "పింటు ఫోటోలు పెడితే పండగ దాకా గది ఖాళీ ఉండదు."

సస్మిత అతని ముఖంలోకే చూసింది, ఇది సరసమేమో, ఇంకాసేపట్లో నవ్వేస్తాడేమో అని. అతను తెల్ల దిండుని సర్దుతున్నాడు.

"మరి మనం?"

"మనకి కింద ఉంది కదే."

"నాకు సెప్పలేదేటి?"

అతను నిజంగా మెచ్చుకుంటున్నట్టే అన్నాడు: "ముందే సెప్తే ఇంత మనసుపెట్టి సేసేదానివా?"

పింటు ఫోన్ మీదనుంచి కళ్లెత్తకుండా నవ్వాడు. "మీ పెళ్లి పందిట్లోనే అన్నాడు వదినా. ఆ చీర అంచుల తోరణాలు చూపించి, 'ఇది మా ఆవిడ చేసిందే, గది సంగతి నేను చూసుకోక్కర్లేదు' అని."

పందిట్లో. అప్పటికి అతను ఆమెకి గది సంగతే చెప్పలేదు. తాళి కట్టిన మర్నాడు, ఒడ్డున, మొదటి గవ్వ ఆమె చేతిలో పెడుతూ చెప్పాడు.

తవిటమ్మ పళ్లెంలో టీ గ్లాసులు పెట్టుకుని వచ్చింది. చిక్కటి టీ, పైన మీగడ తేలుతోంది. ఈ ఇంట్లో ఎప్పుడూ నల్ల టీయే కాస్తారు. సస్మిత మెట్ల మీదనుంచి కిందికి చూసింది. వాకిట్లో చెత్తబుట్ట మీద కత్తిరించిన పాల ప్యాకెట్.

"నీకు తెలుసా అత్తా?"

తవిటమ్మ పళ్లెం వైపే చూసింది. "ఈ గదికి పాలెందుకని సెప్పాను కదే."

పింటు ఊది ఊది టీ తాగాడు. బాగుందన్నాడు.

చిట్టిబాబుకి ఇప్పుడు ఏదో తేడాగా అనిపించినట్టుంది. పెళ్లాం పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, ఈ గది నడిస్తే నాను మళ్లీ కేరళ బోటు ఎక్కక్కర్లేదు. నీ దగ్గరే ఉంటాను. నీకోసమే కదా ఇదంతా."

"నా దగ్గరంటే ఎక్కడ మావా?"

అతను కిందికి చూశాడు. అరుగు మీద నులకమంచం, దాని మీద దులపని దుప్పటి.

సస్మిత తలుపు దగ్గరకి వెళ్లి పేర్ల పలక మీద చెయ్యి వేసింది.

"అది తియ్యకండి వదినా" అన్నాడు పింటు. "కలకత్తావాళ్లకి తెలుగు చదవడం రాదు. డిజైన్ అనుకుంటారు. ఫోటోలో అదే బాగొచ్చింది."

"ఉండనీ సస్మీ" అన్నాడు చిట్టిబాబు.

ఆమె చెయ్యి తీసేసింది.

గోడల నుంచి ఏదీ విప్పలేదు. కత్తెర, వల సూది, జిగురు గిన్నె ఖాళీ గోనెసంచిలో వేసుకుని మెట్లు దిగింది. ఎవరో విప్పించుకుని నచ్చక వదిలేసిన చీరని మడిచినంత ఓపికగా సంచిని నాలుగు మడతలు పెట్టి, తన పెట్టెలో అడుగున పెట్టింది. పైకి తీసుకెళ్లాలని ఇందాక తుడిచిన పెట్టె అది. జడలో పూలు తీసి కిటికీలో ఉంచింది. ముక్కు మీద నీలం రంగు ఇంకా పోలేదు, కొబ్బరినూనె రాసి తుడుచుకుంది.

పింటు బండి వెళ్లిపోయింది. చిట్టిబాబు పైన తాళం వేసి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. తవిటమ్మ పొయ్యి దగ్గర అవసరం లేకపోయినా గిన్నెలు కదుపుతోంది.

"రేపు మొదటి బస్సుకి కొడల ఎల్తాను" అంది సస్మిత, పెట్టె మూత వేస్తూ. "మాయమ్మ దగ్గరికి."

వేలి మీద తాళంచెవి ఆగింది. "రేపా? రేపు పార్టీ ఒస్తన్నారు కదే. మళ్లీ ఎప్పుడొస్తావు?"

"సెప్పను మావా. ముందే సెప్తే నువ్వు మనసుపెట్టి ఆళ్లని సూసుకోవు."

తవిటమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. సముద్రం మీద గాలి లేచి, మెట్లెక్కి, మూసిన తలుపు దాకా వెళ్లింది. అక్కడ కొత్త తాళం పైన, పడవ చెక్క మీద, గవ్వలతో రెండు పేర్లు. జిగురు ఇంకా ఆరలేదు.